గుమ్మానికి కట్టిన మాత్రల డబ్బా

మాత్రల డబ్బాను గుమ్మానికి కట్టమని చెప్పింది నేనే. మదనపల్లెలో, ఒక దాణా అంగడి మీది గదిలో, మైకు ముందర కూర్చుని చెప్పాను. చెప్పేటప్పుడు నేను ఒక సామి వేషంలో ఉన్నాను. అయినా నోరు నాదే. రాయడానికి కూర్చున్నప్పుడు ముందు దీన్ని ఒప్పుకుని, తర్వాతే మిగతాది చెప్పాలనిపించింది.

ఆ గది నా స్నేహితురాలిది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. కింద ఆమె భర్త పశువుల దాణా అమ్ముతాడు, పైన ఆమె పాడ్‌కాస్ట్ నడుపుతుంది. వీధి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు గోనెసంచులు కొట్టి, వాటి మీద పాత బొంతలు వేలాడదీసింది. తవుడు వాసనను మాత్రం ఏ బొంతా ఆపలేదు. వారానికొక అతిథిని కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. మూడు వారాలు నిజం మనుషులు వస్తారు. నాలుగో వారం నేను వస్తాను, ఇంకెవరిలాగానో. ఒకసారి టమాటా మండీ దళారిని, ఒకసారి పెళ్ళిళ్ళు కుదిర్చే పెద్దమనిషిని, ఒకసారి పిల్లల్ని కొట్టడం మానలేని హెడ్‌మాస్టరుని. కాగితం మీద ఏమీ ఉండదు. ఆమె ఏం అడుగుతుందో నాకు తెలియదు, నేనేం చెబుతానో నాకూ తెలియదు. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒకటే నియమం: ఎదుటి మనిషి అన్నదాన్ని కాదనకూడదు. దాన్ని తీసుకుని, దాని మీద ఇంకొకటి పేర్చాలి.

నేను ఆడదాన్ని. గొంతు మాత్రం మొద్దుగా, బరువుగా ఉంటుంది. పాతికేళ్ళు మైకు లేని సభల్లో జాతకాలకూ చేతబడులకూ వ్యతిరేకంగా అరిచి అరిచి తయారైన గొంతు. ఫోన్లో కొత్తవాళ్ళు ‘సార్’ అంటారు. అందుకే మగ పాత్రలు నాకు తేలిగ్గా వస్తాయి, నాకు ఒళ్ళుమండించే మగవాళ్ళయితే మరీ తేలిక.

వాదం నేను ఒక ఆదివారం సంఘంలో నేర్చుకున్నాను. మదనపల్లెలోనే ఒక ట్యుటోరియల్ గదిలో పదిహేను మందిమి కూడేవాళ్ళం. మాకు నేర్పిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. ఎదుటివాడి పక్షాన్ని ముందు నువ్వే చెప్పాలి. వాడు విని, ‘నా మాట ఇంతకంటే బాగా నేను కూడా చెప్పలేను’ అని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఖండన. ఎదుటి పక్షం చెప్పేటప్పుడు వెటకారం పనికిరాదు. పెదవి చివర నవ్వు కనబడితే ఆయన చెయ్యెత్తి కూర్చోబెట్టేవాడు. ఆ పద్ధతి నాకు రక్తంలో కలిసిపోయింది. గదిలో మైకు ముందు కూడా నవ్వొద్దని నా స్నేహితురాలికి నేనే నేర్పాను.

సామి వచ్చిన రోజు ఆమె ఏమీ ఎరగనట్టు అడిగింది.

“సామీ, మా చుట్టాల పాపకు ఫిట్స్. మాత్రలు మింగతాండాది. మింగచ్చునా?”

“మాత్ర యాడికి పోతాది తల్లీ?”

“పొట్టలోకి సామీ.”

“బిడ్డకు పట్టిన గాలి యాడ ఉండాది?”

“తలకాయలో.”

“పొట్టలోకి పోయిన మాత్రకు తలకాయకు దోవ ఎవురు చూపిస్తారు?”

ఆమె నిజంగా ఆలోచనలో పడినట్టు, “మరి ఏం చేయాల సామీ?” అంది.

“మాత్రల డబ్బాను పసుపుగుడ్డలో చుట్టి తలగుమ్మానికి కట్టు. ఏడు దినాలు బిడ్డను దాని కింద నడిపించు. మందు తలకాయకు దగ్గరపడతాది. ఆ ఏడు దినాలు మాత్ర నోట్లో ఎయ్యద్దు. ఏస్తే మళ్ళీ దోవ తప్పుతాది.”

ఆ తర్వాత నాలుగు నిమిషాలకు సామికి పన్ను నొప్పి వస్తుంది. సంచిలోంచి మాత్ర తీసి మింగబోతాడు. ‘పన్ను పైనుండాది, పొట్ట కిందుండాది, దీనికి దోవ యాడిది సామీ?’ అని ఆమె పట్టుకుంటుంది. సామి నీళ్ళు నమిలి, ఆశీర్వాదం కూడా చెప్పకుండా లేచిపోతాడు. నా ఖండన అది. కానీ వారం తిరగ్గానే జనం పంచుకోవడానికి ఆమె ఒక చిన్న ముక్క కత్తిరించింది. యాభై సెకన్లు. ‘మళ్ళీ దోవ తప్పుతాది’ దగ్గర ఆగింది. నాకు వినిపించింది. బాగుంది, పంపించు అన్నాను. ఆదివారం సంఘంలో ఎవరూ సగం వాదం విని లేచిపోయేవాళ్ళు కాదు. తలుపు దగ్గర పెద్దాయన కుర్చీ ఉండేది. ఫోనుకు అలాంటి కుర్చీ ఉండదని నాకు తట్టలేదు.

నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం మేమిద్దరం గదిలో ఉండగా పాడ్‌కాస్ట్ నంబరుకు ఫోన్ వచ్చింది. పెద్దపంజాణి దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి. పందొమ్మిదేళ్ళట. నా స్నేహితురాలు స్పీకర్ పెట్టింది.

“అక్కా, మీ సామి ఉండాడా ఆడ?”

“ఎందుకమ్మా?”

“మా అవ్వ నా మాత్రలు గుమ్మానికి కట్టేసినాది. మూడు దినాలయ్యింది.”

ఆ అమ్మాయి గొంతులో ఏడుపు లేదు, విసుగుంది. తల్లీ తండ్రీ బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్నారని, తనను అవ్వే పెంచిందని చెప్పింది. పదిహేడో ఏట ఫిట్స్ మొదలై, మాత్రలతో నిలిచాయి. రెండేళ్ళుగా ఒక్కటీ రాలేదు. కుప్పంలో నర్సింగ్ కోర్సులో సీటు దొరికింది. వచ్చే సోమవారం హాస్టల్లో చేరాలి. పంపేముందు పూర్తిగా నయం చేసి పంపుదామని అవ్వ ఆశ. పాలు పోసే ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా ముక్క ఆమెకు చేరింది.

“నిన్న సాయంత్రం ఎడమచెయ్యి అదిరింది. నాకు తెలుసు అది ఏందని. ఇప్పుడు ఫిట్ వస్తే అవ్వ నన్ను గడప దాటనియ్యదు, కుప్పం సీటు పోయినట్లే.”

“నువ్వే తీసుకుని మింగొచ్చు కదా?” అన్నాను.

“ఒట్టు పెట్టినాది. డబ్బా ముట్టుకుంటే ఏడు దినాలు పచ్చి నీళ్ళు ముట్టనంటాది. ముట్టదు కూడా. అయినా దొంగతనంగా మింగినాననుకో, ఫిట్ రాదు. అప్పుడు గెలిచేది ఎవురు? మీ సామి.”

మా సంఘంలో ఇంత చక్కగా ప్రశ్న వేసినవాళ్ళు తక్కువ.

“ఒక్క పని చేయండక్కా. అదే గొంతుతో, ‘డబ్బా విప్పి మాత్ర ఇయ్యి’ అని ఒక మెసేజ్ పెట్టమనండి సామిని. మా అవ్వ వెంటనే ఇస్తాది.”

నా స్నేహితురాలు అప్పటికే మైకు నా వైపు జరిపింది. నేను వద్దన్నాను.

“ఒక్క నిమిషం పని,” అందామె.

“సామి చెబితే కట్టింది, సామి చెబితే విప్పుతుంది. రేపు ఇంకో సామి ఇంకోటి చెబుతాడు. ఆ అమ్మాయి ఇప్పుడే చెప్పింది కదా, గెలిచేది ఎవరో.”

“మీ సిద్ధాంతం మీకు సార్, నా తలకాయ నాకు,” అంది ఫోన్లో అమ్మాయి.

ఆమెకు నేనే సామినని, సార్ కాదు ఆడదాన్నని చెప్పాను. “మీరా? ఆడమనిషా?” అంది. మాత్రలు రాసిన డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. అంతవరకు ఒంటరిగా పొయ్యి దగ్గరికీ తొట్టి దగ్గరికీ పోవద్దన్నాను. పొద్దుగుంకేలోపల మేం అక్కడ ఉంటామని మాటిచ్చాను. ఎలా ఒప్పిస్తానో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్ర ఆమె నోట్లో పడాలి, అది అవ్వ చేత్తోనే పడాలి. ఈ రెండూ జరిగేదాకా తిరిగి రాకూడదని మాత్రం అనుకున్నాను.

పుంగనూరు బస్సులో నా స్నేహితురాలు ఆ ముక్కను తీసేసింది. తీసేస్తే మా దగ్గర పోయింది, అంతే. మా వెనక సీట్లో ఒకాయన ఫోన్లో నా గొంతే వినబడుతోంది, ‘గాలి యాడ ఉండాది?’ అని. ఆమె తిరిగి ఆయనకు మొత్తం ఎపిసోడ్ వినమని చెప్పింది. ‘అంత పొడుగు యాడ వింటామమ్మా’ అన్నాడాయన. పుంగనూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. డాక్టరు ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టమన్నాడని దారిలో అమ్మాయి మెసేజ్ పెట్టింది.

ఇంటి ముందర రెండు ఆవులు కట్టేసి ఉన్నాయి. నేను కొంచెం పొడగరిని. గుమ్మం దాటబోతే నుదురు దేనికో తగిలింది. పసుపుగుడ్డ మూట. లోపల మాత్రలు గలగలమన్నాయి.

అవ్వ పేడచేతులతోనే వచ్చింది. సన్నగా, గట్టిగా ఉంది.

“ఎవురమ్మా మీరు, ఆశా వర్కర్లా?”

“కాదవ్వా. ఫోన్లో సామి మాట్లాడినాడే, డబ్బా కట్టమని. ఆ సామి నేనే. అది ఆట. నిజం కాదు.”

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత నా స్నేహితురాలితో మెల్లిగా, “ఈయమ్మకు ఎన్నాళ్ళుగా బాగలేదు?” అంది.

అమ్మాయి గోడకు ఆనుకుని నవ్వాపుకుంటోంది. ఇక రుజువు చూపించక తప్పదనుకున్నాను. కళ్ళు మూసుకుని సామి గొంతు తీసి, మాత్ర యాడికి పోతాది తల్లీ అన్నాను.

నేను చేసిన రెండో తప్పు అది. అవ్వ మొహం మారిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని దండం పెట్టింది. “సామి నీ ఒంటిమీదికి వచ్చినాడా తల్లీ,” అంది. మగగొంతు ఆడమనిషి నోట్లోంచి వస్తే ఆ ఊళ్ళో దానికి ఒకటే అర్థం. నేను కాదు కాదంటూ ఉండగానే చెంబులో పసుపునీళ్ళు తెచ్చి నా కాళ్ళమీద పోసేసింది. పూనకాల మీద నేను రాసిన వ్యాసాలు ఒక పుస్తకమంత ఉంటాయి. ఆ సాయంత్రం పసుపు కాళ్ళతో చాపమీద కూర్చున్నాను.

అరగంటసేపు నాకు తెలిసిన వాదాలన్నీ వాడాను. మెదడు, నరాలు, రక్తంలోకి మందు ఎలా పోతుంది, అన్నీ. అవ్వ శ్రద్ధగా విని, చివర “నువ్వు చదువుకున్నదానివి, నీకు తెల్దు. నీ ఒంటిమీదికి వచ్చినాయనకు తెలుసు,” అంది. చీకటి పడుతోంది. అమ్మాయి ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. అది చూశాక నాకు వాదం మీద నమ్మకం పోలేదు, వాదించే తీరు మీద పోయింది. నేను మళ్ళీ సగమే చెబుతున్నాను, ఈసారి ఖండన సగం. మొదటి సగం, సామి పక్షం, ఈమె చేతికి ఇవ్వాలి.

“అవ్వా, సామిని ఏదైనా అడుగు.”

“ఎర్రావు యాల చూడి కట్టలేదు సామీ?”

“కొట్టం తూరుపు మొహంగా ఉండాది. పడమటికి తిప్పు.”

అవ్వ తలూపింది.

“మళ్ళీ అడుగు. అదే అడుగు.”

“ఎర్రావు యాల చూడి కట్టలేదు?”

“కొట్టం పడమటి మొహంగా ఉండాది. తూరుపుకు తిప్పు.”

“ఇప్పుడే తూరుపుకుండాది అంటివి కదా?”

“అంటిని. నువ్వు తలూపితివి. ఇంకోసారి అడుగు, ఉత్తరం అంటాను. నాకు ఏదీ తెలియదవ్వా. నోటికొచ్చింది చెబుతాను, అడిగినామె తలూపుతాది. ఆ ఆట అంతే. ఇప్పుడు నువ్వు సామివి. నేను అడుగుతాను.”

“నాకేం వస్తాది? పోమ్మా.”

“వస్తాది లే,” అంది అమ్మాయి. “పాల సెంటర్ ఆయన మాదిరి రోజూ చేస్తావే. చెయ్యి, వీళ్ళు చూడనీ.”

అవ్వకు సిగ్గేసింది కానీ, ఆ పేరు వినగానే మొహంలో ఏదో కదిలింది. చేతిలో పాలమీటరు లేకుండానే, లేని పాలల్లోకి తొంగిచూసి, ముక్కు విరిచి, “ఏమ్మే, నీ ఆవు బావిలో మేస్తాందా?” అంది. నా స్నేహితురాలు పక్కున నవ్వింది. పాడ్‌కాస్టులో ఇన్నేళ్ళలో ఇంత పొందికగా ఒక మనిషిని దించినవాళ్ళను నేను చూడలేదు. ఆ ఊపు పోకముందే అమ్మాయి అవ్వ ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

“సామీ, కడుపునొప్పి.”

అవ్వ నా గొంతును పట్టుకోవడానికి ప్రయత్నించలేదు. తన గొంతే కొంచెం సాగదీసింది. “మజ్జిగ ఉండాదా ఇంట్లో?”

“ఉండాది సామీ.”

“చెంబెడు మజ్జిగ తలకింద పెట్టుకుని పండుకో.”

“తాగద్దా?”

“తాగితే గొంతుకాడే ఆగిపోతాది. కడుపుకు దోవ దానికేం తెలుసు?”

ఆ మాట తన నోటి నుంచి వచ్చిన తర్వాత అవ్వ ఆగింది. సామి వేషం మొహం మీదనుంచి దానంతట అదే జారిపోయింది. గుమ్మం వైపు చూసింది. అమ్మాయి కూడా నవ్వు ఆపేసింది.

“ఇంత సులువుగా వస్తాదా?” అంది అవ్వ.

“వస్తాదవ్వా.”

“నువ్వు నవ్వకుండా యాల చెప్తివి మరి? నవ్వుంటే మాకు తెలిసుండదా?”

పాతికేళ్ళలో ఎందరో నన్ను సభల్లో నిలదీశారు. అందరికీ ఏదో ఒక జవాబు ఇచ్చాను. పెద్దాయన పద్ధతి, సగం ముక్క, ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. చెప్పలేదు. “తప్పు నాదే,” అన్నాను.

“నీదే,” అంది అవ్వ. లేచి కొడవలి తెచ్చి తాడు కోసింది. మూట విప్పి, డబ్బా మనవరాలి చేతికి ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కు తీసుకుని, మూత తనే తీసింది. “ఒట్టు తీసి గట్టుమీద పెడతాండా. ఎన్ని మే?”

“ఒకటి. తిన్నాక.”

“తిందువులే రా.”

రాగి ముద్ద, పులుసు. మాకూ పెట్టింది. అమ్మాయి మాత్ర మింగేదాకా అవ్వ ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల జబ్బకు ఒక తాయెత్తు, వాళ్ళ మాటలో అంత్రం, కట్టి ఉంది. నేను దాని సంగతి ఎత్తాను.

“అది ఉండనీ,” అంది అవ్వ.

“దానివల్ల ఏమీ కాదవ్వా.”

“కాకపోతే నీకేం బాధ? మాత్ర ఇచ్చినాను కదా.”

ఆటో వచ్చేదాకా వాదించాను. ఓడిపోయాను. అంత్రం మాత్రను ఆపదు, నేను ఆ రోజు వచ్చింది మాత్ర కోసం. అంత్రం కోసం ఇంకోసారి వస్తానని చెప్పాను. రా, పాలు ఇస్తానంది.

మదనపల్లెకు తిరిగొచ్చాక నా స్నేహితురాలు సామిని ఆపేద్దామంది. భయపడింది, న్యాయమే. నేను ఒప్పుకోలేదు. మా సామిని ఆపేస్తే మిగిలేవాళ్ళు అసలు సాములే. వాళ్ళకు పన్ను నొప్పి ఎప్పుడూ రాదు. ఒకటి మాత్రం మార్చాం. ఇప్పుడు సామిగా నేను కూర్చోను. ఫోన్ చేసినవాళ్ళు కూర్చుంటారు, నేను కష్టాలు అడుగుతాను. నవ్వు వస్తే నవ్వుతాం, దాన్ని కత్తిరించం. ఆ పాత ముక్క ఇంకా తిరుగుతూనే ఉంది. కనబడిన ప్రతిచోటా మొత్తం ఎపిసోడ్ పంపిస్తాను, కింద నా తప్పు ఏదో రాస్తాను. కొందరు తిడతారు. చాలామంది వినరు. పంపడం మాత్రం మానను.

అమ్మాయి అనుకున్న సోమవారమే కుప్పంలో చేరింది. చేరే కాగితంలో జబ్బు సంగతి దాచకుండా రాసింది. పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేసింది. గదిలోని ముగ్గురు అమ్మాయిలకు ఫిట్ వస్తే ఏం చేయాలో ముందే చెప్పిందట. బుద్ధిగా తలూపారట. వాళ్ళకు ఎంత ఎక్కిందో చూద్దామని ఒకరోజు చెప్పకుండా నేలమీద పడి, తనకు ఎలా వస్తుందో అలా చేసిందట. ఒకమ్మాయి పరుగెత్తి బీరువా తాళాలగుత్తి తెచ్చి ఆమె పిడికిట్లో కుక్కిందట.

“నేను ఫిట్ మధ్యలో లేచి కూర్చుని తిట్టినాను మేడమ్. అది చూసి ఇంకా భయపడిపోయినారు.”

ఇది మైకు ముందు చెబుతావా అని అడిగాను. చెబుతానంది, కానీ తను కుప్పం వదిలి రావడం కుదరదు, మేమే రావాలంది. ఆదివారం పలమనేరు మీదుగా బస్సులో పోయాం. హాస్టల్లో చూడవచ్చినవాళ్ళు కూర్చునే గదిలో, కిటికీలు మూసి, రెండు దుప్పట్లు కట్టి మైకు పెట్టాం. అమ్మాయి ఒంటరిగా రాలేదు. తాళాలు తెచ్చిన అమ్మాయిని కూడా చెయ్యిపట్టి లాక్కొచ్చింది. ఆ పిల్ల తల పైకెత్తడంలేదు.

“నన్ను యాల పిలుస్తివి? అందరూ నవ్వతారు.”

“నవ్వనీ. నువ్వు తాళాలు యాల తెచ్చినావో అది చెప్పు ముందు. బాగా చెప్పు, మీ ఊర్లో ఎట్ల చెప్తారో అట్లనే.”

“ఇనుము పట్టుకుంటే ఫిట్ నిలబడతాది అంటారు. మా మామకు నిలబడింది. నేను చూసినాను.”

“ఎంతసేపటికి నిలబడింది?”

“రెండు మూడు నిమిషాలు.”

“నాకు ఏ తాళమూ లేనప్పుడు కూడా అంతే పడతాది. రెండు మూడు నిమిషాలు,” అంది అవ్వ మనవరాలు. మైకు తన వైపుకు జరుపుకుని, నేలమీద చాప పరిచింది. “ఇప్పుడు నేను పడుకుంటాను. నన్ను ఒకపక్కకు తిప్పు. చేతిలో ఏమీ పెట్టద్దు, నోట్లో ఏమీ పెట్టద్దు. గడియారం సూడు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. ఏం చేస్తాండావో గట్టిగా చెప్తా ఉండు, వినేవాళ్ళకు కనబడదు కదా.”